గుప్తదశ – మగ్గపు నీడ

ఆరవయేడు మొదలు యౌవనారంభము వరకు గల బాల్యాన్ని ఫ్రాయిడు 1905లో గుప్తదశ అన్నాడు. పేరు ఆయనది కాదు, మిత్రుడు ఫ్లీసు నుండి గ్రహించినది. శైశవపు కామప్రవృత్తులు అణగి, ఆ శక్తి విద్యవైపు మళ్లునని ఆయన సిద్ధాంతం. ట్రోబ్రియాండు దీవులలో అట్టి విరామమే కానరాదని 1927లో మలినోవ్‌స్కీ ఆక్షేపించాడు. ఆక్షేపణ బలమైనదే.

ఎరిక్‌సన్ 1950లో ఈ వయస్సుకు వేరొక ముఖం చూపినాడు. బిడ్డ పనిముట్టు పట్టి ‘నాకిది చేతనయింది’ అనుకోవాలి. లేకున్న న్యూనతాభావం నాటుకొంటుంది. ఈయన 1962లో అహమ్మదాబాదు వచ్చి, అచటి 1918 నాటి మిల్లుసమ్మె కేంద్రంగా గాంధీజీపై గ్రంథం వ్రాసినాడు, 1969లో అది వెలువడినది. సూరతు దాకా ఆయన చూపు సాగలేదు.

సలాబత్‌పురా వంటి వస్త్రవ్యాపారపు పేటలున్న ఆ నగరానికి తెలంగాణపు పద్మశాలీలు ఎందరో మరమగ్గాల పనికై వలసపోయినారు. స్వగ్రామంలో ఎనిమిదేండ్ల బిడ్డ తాత కనుసన్నలలో కండెలు చుట్టేవాడు. అది శ్రమే, కాని విద్య కూడా. పరుల షెడ్డులో తండ్రి కూలివాడు. అక్కడ బిడ్డకు సంక్రమించు విద్య ఏది? 2009 నాటి చట్టం ఆరు నుండి పద్నాలుగేండ్ల వారికి బడిని హక్కు చేసింది. ఫ్రాయిడు గీచిన గీతకు ఇది ఇంచుమించు సరి! అయితే ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ. ఆ బిడ్డకు ‘చేతనయింది’ అనిపించు పనిముట్టు ఏ భాష?