బిల్లసర్గము గుహలు: ఒక చిరునామా కథ

క్రీ. శ. 1844లో కలకత్తానుండి వెలువడిన బంగాళా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు రెండు పుటల చిన్న వ్యాసమొకటి అచ్చయినది. దానిని వ్రాసినవాడు మద్రాసు సైన్యమునకు చెందిన కెప్టెన్ థామస్ జాన్ న్యూబోల్డ్. కర్నూలు నవాబుల యేలుబడి 1839లో అంతరించిన పిమ్మట ఆ ప్రాంతమున కంపెనీ కొలువు చేసిన ఉద్యోగులలో అతడొకడు. ఎఱ్ఱమల కొండలలో "బిల్లా సూర్గం" అను చోట గుహలు కలవనియు, అందు ఎముకలు రాతిముక్కలతో కలిసి గడ్డకట్టి యున్నవనియు ఆ వ్యాసమున తెలిపెను. చోటు తెలియుటకై అక్షాంశము 15 డిగ్రీల 25 నిమిషములు, రేఖాంశము 78 డిగ్రీల 15 నిమిషములు అని శీర్షికలోనే చేర్చెను.

ఒక ఉద్యోగి వ్రాతలో ఇంతకన్న వివరము కోరుట అత్యాశయే. అయినను నలువదేండ్లు తిరుగక మునుపే ఆ గుహలను మరల వెదకవలసి వచ్చెను.

కారణ మూహించుట కష్టము కాదు. అక్షాంశములో ఒక నిమిషమనగా నేలపై మైలు పైచిలుకు దూరము. నిమిషముల లెక్కలో పొరపాటేమియు లేదనుకొన్నను, వెదకువానికి మిగులునది మూడు చదరపు కిలోమీటర్లకు మించిన కొండనేల. ఆ కొండలును సామాన్యమైనవి కావు. నార్జి సున్నపురాతి పొరలలో వాననీరు యుగయుగములుగా ఇంకి, రాతిని కరగించి, పగుళ్ళను వెడల్పుచేసి, లోపల దారులు తొలిచినది. వాగులు చీల్చిన గట్లలో ఏ పొద వెనుకనైనను ఒక చీకటి నోరు ఉండవచ్చును. పది అడుగుల దూరమున నిలిచినవానికిని అది కనబడకపోవచ్చును.

పేరు చూడబోయిన, అదియు ఇంగ్లీషు లిపిలో పడి రూపు మారినది. సూర్గం, సుర్గం, సర్గం అని పలువిధముల వ్రాసిరి. అందు మొదటి మాట బిలము అగుట స్పష్టము. రెండవది సొరంగమో, స్వర్గమో పండితులు తేల్చవలెను. గొఱ్ఱెల కాపరి నోట సొరంగమగుటకే ఎక్కువ అవకాశమున్నట్లు తోచును. అన్నిటికన్న పెద్ద చిక్కు వేరొకటి. న్యూబోల్డ్ 1850లో మహాబలేశ్వరమున మరణించెను. గుహలను స్వయముగా చూచి, వ్రాసినవాడు పోయిన పిదప మిగిలినది కాగితము మాత్రమే. చూచినవాడు బదిలీ అయినను, గతించినను, దస్త్రములోని మాట మూగబోవుట కార్యాలయములలో పనిచేయువారికి క్రొత్త సంగతి కాదు.

ఇక నలువదేండ్ల తరువాత ఆ కాగితము మరల ఏల బయటపడినది? 1844 నాటికి గుహలలోని ఎముకలు ఒక వింత మాత్రమే. 1858లో ఇంగ్లండులోని బ్రిక్స్‌హామ్ గుహయందు, అంతరించిన జంతువుల ఎముకలతోపాటు మానవుడు చెక్కిన రాతి పనిముట్లు దొరకెను. మరుసటి యేడు డార్విన్ గ్రంథము వెలువడెను. మానవుని ప్రాచీనత యెంత అను ప్రశ్నకు జవాబు గుహల మట్టిలో నున్నదని విద్వాంసులు గ్రహించిరి. న్యూబోల్డ్ వ్రాసిన రెండు పుటలకు అప్పుడు విలువ వచ్చినది. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ ప్రోద్బలమున, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ గుహల పరిశోధన అవసరమని తలచెను. ఆ పని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్ చేతికి వచ్చెను.

ఫుట్ అంతకు తగినవాడే. 1858లో కొలువులో చేరి, 1863లో మద్రాసు సమీపమున పల్లావరము వద్ద పాతరాతియుగపు గొడ్డలిని గుర్తించి, ఈ దేశ ప్రాచీన చరిత్రకు క్రొత్త అధ్యాయము తెరచినవాడు. దక్షిణదేశపు రాళ్ళ మీద ఇరువదియైదేండ్లు నడచిన అనుభవము గలవాడు. అతడు 1883లో బిల్లసర్గమును మరల పట్టుకొనెను. బేతంచెర్లకు కొన్ని మైళ్ళ దూరముననే, ఒక ఇరుకైన లోయ కిరుప్రక్కల ఆ గుహలు నోళ్ళు తెరచుకొని యుండెను. మరుసటి యేడు అతని కుమారుడు, సైన్యమున లెఫ్టినెంటుగా నున్న హెన్రీ బ్రూస్ ఫుట్, అచట త్రవ్వకములు సాగించెను. తండ్రి ఆ వృత్తాంతములను 1884, 1885 సంవత్సరములలో సర్వేక్షణ శాఖ పత్రికయందు ప్రకటించెను.

గుహలను గుర్తించుటకు వీరు పెట్టిన పేర్లు చిత్రమైనవి. కెథీడ్రల్, చాప్టర్ హౌస్, పర్గేటరీ, ఛార్నెల్ హౌస్ — అన్నియు క్రైస్తవ మఠములకును, విశ్వాసములకును చెందిన మాటలే. ఎముకలు నిండిన గుహకు ఛార్నెల్ హౌస్, అనగా అస్థిశాల అనుట తగియున్నది. కాని బేతంచెర్ల రైతును "పర్గేటరీ యెక్కడ?" అని అడిగిన ఏమి చెప్పగలడు? ఆ పేర్లే నేటికిని శాస్త్ర గ్రంథములలో నిలిచియున్నవి.

త్రవ్వి తీసిన ఎముకలను లిడెక్కర్ పరీక్షించి 1886లో తన నిర్ణయములను ప్రకటించెను. అందొక ఖడ్గమృగమునకు కర్నూలు పేరు చేరి "రైనోసెరస్ కర్నూలియెన్సిస్" అయినది. ఎముకలలో కొన్నింటిని మానవుడు కోసి, చెక్కి, పనిముట్లుగా మలచినాడని ఫుట్ భావించి, వానిని ఫ్రాన్సు దేశపు మగ్దలేనియన్ పనిముట్లతో పోల్చెను. వానికి తోడుగా రాతి పనిముట్లు దొరకకుండుటచే సందేహమునకు చోటు మిగిలినది.

ఆ సందేహము తీరుటకు సుమారు తొంబది యేండ్లు పట్టినది. 1970వ దశకమున ఎం. ఎల్. కె. మూర్తి ఆ ప్రాంతమందే మరియొక గుహను త్రవ్వగా ఎముక పనిముట్లును, రాతి పనిముట్లును కలిసి లభించెను. అచటి నిప్పుగూటి మట్టిని పరీక్షింపగా దాని వయస్సు దాదాపు 17,000 సంవత్సరములని తేలినది. ఆ గుహ పేరు ముచ్చట్ల చింతమాను గవి. ఊరివారి యీ పేరు ఒక్కసారి చదివిన చాలును. ముచ్చట్లకు పోవలెను, చింతమానును చూడవలెను, దాని చెంత గవి యుండును. గుహకు ఆ సీమలో గవి యనియే వాడుక. డిగ్రీలు, నిమిషములు చేయలేని పనిని మూడు మాటలు చేసినవి. చెట్టు పడిపోవునంతవరకు మంచి చిరునామాయే.

ఫుట్ వ్రాతలలో కనబడి, పిదప మరుగున పడినది బిల్లసర్గమొక్కటియే కాదు. కొలిమిగుండ్ల సమీపమందలి బెలుం గుహను గూర్చి అతడు 1884లోనే ప్రస్తావించెను. చదునైన చేల నడుమ బావులవంటి మూడు గుంటలే దాని ద్వారములు. కొండ యెక్కవలసిన పని కూడ లేదు. అయినను దాదాపు నూరేండ్లు దానిని పట్టించుకొన్న శాస్త్రజ్ఞుడు లేడు. పైగా అది కొంతకాలము చుట్టుప్రక్కలవారు చెత్త పారవేయు చోటయినది. 1982, 1983 సంవత్సరములలో జర్మనీ దేశీయుడైన డేనియల్ గెబావర్ తన సహచరులతో వచ్చి, లోపల ప్రాకి, కొలిచి, పటము గీసెను. మొత్తము పొడవు 3,229 మీటర్లని లెక్క తేలినది. 2002లో ప్రజల దర్శనమునకు తెరచిన పిమ్మట లోపలి భాగములకు పాతాళగంగ, కోటిలింగములు, సప్తస్వరాల గుహ అను తెలుగు పేర్లు వచ్చినవి. ఒక మందిరమునకు గెబావర్ పేరుంచుట కృతజ్ఞతకు చిహ్నము.

ఇచట ఒక విశేషము గమనింపదగినది. ఆ కొండలలోనే యాగంటి కలదు. అచటి అగస్త్య గుహగాని, వీరబ్రహ్మము గుహగాని ఎన్నడును మరుగుపడినట్లు వినము. ఎవరును వానిని క్రొత్తగా "కనుగొనిన" దాఖలాయు లేదు. దీపము వెలిగిన గవికి దారి చెరిగిపోదు. దేవుడు లేని గవికి కాపరియే సాక్షి. ఎండలో మందను నీడకు తోలినవాడు దానిని ఎరుగును గాని అతనికి పత్రిక తెలియదు. పత్రికలో వ్రాసినవానికి కాపరి పేరు గుర్తుండదు. న్యూబోల్డ్‌కైనను, ఫుట్‌కైనను, ఆ ఇరుకు లోయకు దారి చూపిన స్థానికులు కొందరు ఉండియే యుందురు.

2014లో వెలువడిన ఒక పరిశోధన బిల్లసర్గము విలువను మరింత పెంచినది. రవి కొరిశెట్టర్ మొదలగు భారతీయులును, విదేశీయులును కలిసి గుహలను మరల పరిశీలించి, గడచిన 2,00,000 సంవత్సరముల జంతువుల చరిత్రను పొరపొరగా చదివిరి. ఎముకలనుబట్టి గుర్తించిన 21 రకముల క్షీరదములలో ఒక్కటి తప్ప తక్కినవన్నియు నేటికిని జీవించియున్నవని తేలెను. ఇతర ఖండములలో పెద్ద జంతువులనేకము నశించిన కాలమున ఈ దేశమున అవి నిలిచినవనుటకు ఎఱ్ఱమల గవులు సాక్ష్యమిచ్చినవి.

ఆ సాక్ష్యమున్న రాయికి బజారులోను మంచి గిరాకి కలదు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతములు నాపరాతి గనులకు పేరుపొందినవి. సిమెంటునకు కావలసినదియు ఈ సున్నపురాయియే. వేలాదిమందికి కూడు పెట్టు పనిని ఆపుమనుట న్యాయము కాదు. కాని గని తెరచుటకు ముందు ఆ సర్వే నంబరులో ఏ గవి యున్నదో చూచుకొనుటకు ఒక జాబితా కావలెను: ద్వారము ఎత్తు, వెడల్పు, ముఖము తిరిగిన దిక్కు, ఛాయాచిత్రము, ఊరివారి నోటి పేరు, చూపినవాని పేరు. నేడు ఉపగ్రహముల సాయముతో చేతిలోని యంత్రమే స్థానమును కొద్ది మీటర్ల తేడాతో చెప్పుచున్నది. న్యూబోల్డ్‌కు ఆ సౌకర్యము లేకపోయెను. మరుగుపడిన గుహను నలువదేండ్లకో, నూరేండ్లకో మరల వెదకి పట్టుకొనవచ్చును. రాయితోపాటు కోసి, పలకలుగా చెక్కి, బండి కెక్కించిన గుహను ఏ ఫుట్ వచ్చి వెదకగలడు?