రాజుగారిని కరిగించిన ఇల్లు

వేసవి వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని అప్పడాలు వత్తుతాం కదా, ఎవరు ఎన్ని వత్తారో కాగితం మీద రాసిపెట్టే ఇంటాయన్ని ఎక్కడైనా చూశారా? అమెరికాలో లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఆలివర్ వోల్కాట్ గారు సరిగ్గా ఆ పనే చేశారు. కాకపోతే ఆయన ఇంటి ఆడవాళ్ళు చేసినవి అప్పడాలు కావు, తుపాకీ తూటాలు!

1776 జూలై 9న న్యూయార్క్‌లో స్వాతంత్ర్య ప్రకటనని సైనికులకి చదివి వినిపించారు. ఆ ఊపులో జనం వెళ్ళి, గుర్రమెక్కి కూర్చున్న మూడో జార్జి రాజుగారి విగ్రహానికి తాళ్ళు కట్టి పడగొట్టారు. పైన బంగారు పూతే గాని లోపలంతా సీసం. యుద్ధకాలంలో సీసం దొరకడమే కష్టం. అంచేత ముక్కలు చేసి, చాలా భాగం వోల్కాట్ గారింటికి చేర్చారు. ఆపిల్ తోటలో పాక వేశారు. ఆయన గొడ్డలితో సీసం నరికితే, ఆడపిల్లలు దాన్ని కరిగించి, అచ్చుల్లో పోసి గుండ్లు తీసి, మందు చేర్చి కాగితంలో చుట్టి తూటాలు కట్టారు. అదంతా ఓ వేడుకలా సాగిందని ఆ ఇంట్లోవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

ఇక లెక్క చూడండి. రూత్ మార్విన్ 11,592. వోల్కాట్ గారి పెద్దమ్మాయి లారా 8,378. పదకొండేళ్ళ మేరీ ఆన్ 10,790, అక్కని మించిపోయింది! తొమ్మిదేళ్ళైనా నిండని తమ్ముడు ఫ్రెడరిక్ 936. ఇరుగుపొరుగు ఆడవాళ్ళవీ కలుపుకుని మొత్తం 42,088.

ఇంత వివరంగా రాసిన కాగితంలో కాలిన వేళ్ళ పద్దు మాత్రం లేదు. సీసం కరగాలంటే 327 డిగ్రీల వేడి కావాలి. మనం బూరెలు వేసే నూనె దానిముందు ఏపాటి? ఆ నూనెలోనే నీటిచుక్క పడితే చిటపటలాడి చేతిమీదికి ఎగురుతుంది. కరిగిన సీసంలో తడి ముక్క పడిందా, నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. ఇక తుపాకీ మందుకి మంట కూడా అక్కర్లేదు, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇవన్నీ కంటికి కనిపించేవి, కనక భయపడతాం. వేళ్ళకంటిన సీసం అన్నంతోపాటు కడుపులోకి పోతే ఎవరికి కనిపిస్తుంది? అది పెద్దవాళ్ళకంటే పిల్లల ఒంటికి ఎక్కువగా పడుతుంది, వాళ్ళ బుర్ర ఎదుగుదలనే దెబ్బతీస్తుంది.

పాపం, ఆ రోజుల్లో ఎవరికీ తెలియదందామా? బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి బాగా తెలుసు. 1724లో లండన్ అచ్చాఫీసులో పనిచేస్తున్నప్పుడు సీసపు అక్షరాల్ని నిప్పు దగ్గర వెచ్చబెట్టుకునేవాడు. చలికాలంలో చేతులకి హాయి మరి! ఓ ముసలి పనివాడు చూసి, అలా చేస్తే చేతులు పడిపోతాయని హెచ్చరించాడు. అక్కడే వారానికి గిన్నీ, అంటే 21 షిల్లింగులు, సంపాదించే ఒకతను చేతులు పట్టుతప్పి 10 షిల్లింగులకి దిగాడట. ఇంకొకతను ఏడున్నరకి. ఫ్రాంక్లిన్ ఈ సంగతులు 1786లో ఓ మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆయనా, వోల్కాట్ గారూ ఒకే స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసినవాళ్ళే. అయినా ఒకరి అనుభవం రెండోవారి పెరటిదాకా నడిచి రాలేదు.

అమెరికాలో ఈనాటికీ కాల్చేసిన ఖాళీ తూటాల్ని ఇంట్లో మళ్ళీ నింపుకునేవాళ్ళున్నారు. డబ్బు కలిసొస్తుందని కొందరు, సరదాకి కొందరు. (మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం.) పరధ్యానంగా ఒకే తూటాలో రెండుసార్లు మందు పోస్తే తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు. పాత తూటాలు శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములోనూ సీసముంటుంది. అది ఆ పెద్దమనిషి చొక్కా పట్టుకుని వంటింట్లోకీ, పిల్లల పక్కలోకీ వచ్చేస్తుంది. అందుకే ఆ బల్ల దగ్గర కాఫీ తాగొద్దంటారు. చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవమనీ, ఆ బట్టలు విడిగా ఉతకమనీ చెబుతారు. ఫ్రెడరిక్ ఈడు పిల్లల్నయితే ఆ గది గుమ్మం కూడా తొక్కనివ్వొద్దంటారు.