చందమామ ధారావాహికలలో అడవి: దాసరి సుబ్రహ్మణ్యం నవలలపై ఒక పరిశీలన

గుంటూరు విడిచి నరసరావుపేట, వినుకొండల మీదుగా మార్కాపురము వైపు సాగు బాటసారికి నల్లరేగడిలో ప్రత్తిచాళ్లును, కళ్లములలో ఎఱ్ఱగా ఎండబోసిన మిరపకాయలును కనబడునే కాని, అడవి యనదగినది నల్లమల చేరువకు వచ్చినగాని గోచరింపదు. ఇట్టి బయలునేలల జిల్లాలో జనించిన దాసరి సుబ్రహ్మణ్యము (1932–2010) పిల్లలకై వ్రాసిన సాహసనవలలలో అడవి త్రొక్కని నాయకుడు అరుదు. ఆ అడవి యెక్కడిది?

'చందమామ' 1947 జూలైలో మద్రాసున వెలువడెను. దాని స్థాపకులలో ఒకరైన చక్రపాణి తెనాలివారు. 1952 నుండి తన తుదిదాక దాని వచనమును తీర్చిన కొడవటిగంటి కుటుంబరావును తెనాలివారే. సుబ్రహ్మణ్యమును ఆ కాలముననే అందు చేరి, 1954లో 'తోకచుక్క' మొదలుకొని 'కంచుకోట', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' ఇత్యాదులను వరుసగా నడపెను. బొమ్మల మూల 'చిత్రా' సంతకముండెను. కథ వ్రాసినవాడెవడో పాఠకునకు తెలియరాదు, పత్రిక ఆ పేరు వేయలేదు.

బుఱ్ఱకథగా ఊరూర వినబడిన బాలనాగమ్మ కథలో మాంత్రికుడొక్కడే. వాని ప్రాణము సముద్రముల కావల చిలుకలో నుండును, ఆ చిలుక చచ్చుటతో కథ కంచికి చేరును. 'తోకచుక్క'లో అట్లు గాదు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికులిరువురు పరస్పరవైరులు. కుండలినీద్వీపపు సేనాని సమరసేనుడు వారి నడుమ చిక్కి, ఒకని పగను వేఱొకనిపై మళ్లించి బ్రదుకవలసినవాడు. ఇచ్చట వరము కంటె ఎత్తుగడకు విలువ హెచ్చు. జానపదకథనుండి ఈ నవల వేఱుపడిన తావు ఇదియేయని నా తలంపు.

ఇక అడవి మాట. 'శిథిలాలయం'లోని శిఖిముఖి శబరుడు. నల్లమలలో వసించువారు చెంచులు. శబరులు శ్రీకాకుళపు కొండలవారు. గుంటూరు సీమ రచయితకు చెంచువాడు పొరుగువాడయ్యును శబరుడేల నచ్చెను? బాణుని 'కాదంబరి'లో వింధ్యాటవిని వేటాడు శబరసేనను, సోమదేవుని 'కథాసరిత్సాగరము'న శబర పుళిందులను ఎఱిగినవారికి సమాధానము దుర్లభము కాదు. అది తిరిగి చూచిన అడవి కాదు, చదివిన అడవి. కావుననే దానికి తాలూకా లేదు, జిల్లా లేదు. ఇదే కథ ఇతర భారతీయ భాషల చందమామలకు తరలినపుడు ఆ అడవిలో ఒక్క చెట్టునైనను మార్చవలసిన పని పడలేదు. మన చెంచుల బ్రదుకు తెలుగు బాలునికి ఈ నవలలవలన తెలియకపోయెననుటయు నిజమే. ఆ కొఱత చిన్నది కాదు.

నాయకులు తఱచు జంటలు: 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి; 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు; 'మాయాసరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. మాసపత్రికలో చోటు స్వల్పము. ఒంటరి నాయకుని మనోగతమును వర్ణింప పుటలు చాలవు, ఇద్దఱున్నచో సంభాషణయే ఆ భారమును మోయును. ప్రతి సంచికయు గండముతో ఆగును. తరువాతి నెల ఆ గండము రెండు మూడు వాక్యములలో గడచిపోవుటయు కలదు. నెల్లాళ్లు ఎదురుచూచిన పిల్లవానికి అది తట్టదు. పుస్తకముగా కూర్చిన ప్రతిని ఒక్క బిగిని చదువు పెద్దలకు మాత్రము ఆ అతుకులు కొట్టవచ్చినట్లు కనబడును.