ఉస్మానియాలో బోధనభాష

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాలను చూచినవారెల్లరు దాని రాతి కమానులను మెచ్చుకొందురు. ఆ భవనము 1939 డిసెంబరు 4న ప్రారంభమైనది. విశ్వవిద్యాలయపు కథ మాత్రము అంతకు ఇరువది యేండ్ల ముందే, 1919లో, గన్‌ఫౌండ్రీలోని అద్దె యిండ్లలో మొదలైనది.

ఆనాడు దేశమందలి విశ్వవిద్యాలయములు ఇంగ్లీషులోనే బోధించుచుండెను. విద్యార్థి శక్తియంతయు పరభాషను అలవరచుకొనుటకే వ్యయమగుచున్నదని అక్బర్ హైదరీ నిజాము ప్రభువునకు విన్నవించెను. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానా వెలువరించెను. మరుసటి యేట విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశము. తక్కిన బోధన ఉర్దూలో.

చెప్పినంత సులభమా? భౌతికశాస్త్రమునకు ఉర్దూలో పుస్తకములేవి? న్యాయశాస్త్రమునకు మాటలేవి? అందులకై 1917లోనే 'దారుల్ తర్జుమా' అను అనువాదశాఖ ఏర్పడెను. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానిని నడపెను. శాస్త్రము తెలిసినవారును, భాష తెలిసినవారును కలిసి కూర్చుండి, అరబ్బీ పారసీ ధాతువులనుండి ఒక్కొక్క పారిభాషిక పదమును నిర్ణయించిరి. జోష్ మలీహాబాదీ వంటి కవియు అచట పనిచేసెను. సాహిత్యాది కళలు, మతధర్మశాస్త్రములతో ఆరంభమైన బోధన వైద్యమునకును, ఇంజనీరింగునకును విస్తరించెను. ఈ సాహసమును నేను తక్కువగా ఎంచజాలను.

అయినను అందొక చిక్కు కలదు. నిజాము రాజ్యములో అధికసంఖ్యాకుల యింటి మాట తెలుగు, మరాఠీ, కన్నడము. కరీంనగరు పల్లెలోని తెలుగు బాలునకు ఉర్దూ కూడ బడిలో నేర్చుకొనవలసిన భాషయే. హైదరీ ఇంగ్లీషుపై చెప్పిన ఆక్షేపణ వాని విషయమున ఉర్దూకును వర్తించును గదా! తెలుగుశాఖ లేకపోలేదు, రాయప్రోలు సుబ్బారావుగారంతటి కవి అందు ఆచార్యులు. కాని ఆ గది దాటినచో తెలుగు వినబడదు.

1938లో వసతిగృహమున వందేమాతరము పాడరాదన్న ఆజ్ఞను విద్యార్థులు ధిక్కరించిరి. విశ్వవిద్యాలయమునుండియు, అనుబంధ కళాశాలలనుండియు వందలమంది బహిష్కృతులైరి. పెక్కుమందికి నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. వారిలో వరంగల్లున చదువుచుండిన పి.వి. నరసింహారావుగారు ఒకరు.

1948లో హైదరాబాదు భారతదేశమున కలిసిన పిదప ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించెను. ముప్పది యేండ్లు శ్రమించి కూర్చిన పదజాలము తరగతి గదులనుండి తొలగిపోయెను. తెలుగునకు వెంటనే ఆ చోటు దక్కలేదు. కళాశాలలకు తెలుగులో పాఠ్యగ్రంథములు సిద్ధపరచుటకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినపుడు, పుస్తకములేవి, మాటలేవి అను పాత ప్రశ్నలే మరల ఎదురయ్యెను. ఆ అకాడమీకి తొలి అధ్యక్షులు, నాడు కళాశాలనుండి వెడలగొట్టబడిన నరసింహారావుగారే.