ఆకుకూరలకు ఎరువు: పూర్వుల యెఱుక



వరికి గింజయు, మామిడికి పండును ఫలమైనట్లు తోటకూర, గోంగూర, బచ్చలి మున్నగువానికి ఆకే ఫలము. ఆకు దట్టముగా పెరుగుటకు నేలలో నత్రజని సమృద్ధిగా నుండవలెను. మన పూర్వులు ఆ పేరెఱుగరు. దాని పని మాత్రము చక్కగా నెఱిగినవారే.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, సీతాధ్యక్షుని విధులు చెప్పుచు, కూరలకును దుంపలకును బావి చుట్టుపట్టు నేల తగునని నిర్ణయించెను. క్రీ.శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున రెండు ఉపాయములు తెలిపెను. మెత్తని నేలలో నువ్వులు చల్లి, అవి పూచినపుడు అందే మర్దింపవలెను. భూమికి చేయవలసిన మొదటి సంస్కార మిదియే. ఇది పచ్చిరొట్ట యెరువు గాక మఱేమి? ఇక మేకల, గొఱ్ఱెల పెంటికల పొడి రెండాఢకములు, నువ్వు లొక ఆఢకము మున్నగువానిని ద్రోణెడు నీటిలో ఏడు రాత్రులు నిలువయుంచి చెట్లకును తీగలకును పోయుట రెండవది. కృషిపరాశరమో, మాఘమున పెంటకుప్పను త్రవ్వి యెండబెట్టి, ఫాల్గుణమున పొలములోని గుంటల కెక్కింపుమనుచున్నది.

ఈ శ్లోకములను చిన్ననాట గురుముఖమున చదివితిని. అన్వయమును ప్రతిపదార్థమును చెప్పగలిగితినే గాని పార పట్టి యెఱుగను. ఉద్యోగము విరమించిన పిమ్మట పెరటిలో తోటకూర వేసి, త్వరగా పెరుగునను ఆశతో, ఎండవేళ పొడినేలపై సీమయెరువు గుప్పిళ్లతో చల్లితిని. మూడునాళ్లలో మడి మాడిపోయెను. అది చూచి పొరుగు తోటమాలి, "పంతులుగారూ, దప్పిగొన్నవాడికి ఉప్పు పెట్టారండీ!" అనెను. నా పాండిత్యమంతయు ఆ యొక్కమాటకు చాలకపోయినది.

సీమయెరువును నిందించుట నా యుద్దేశము కాదు. 1909లో హేబరు గాలిలోని నత్రజనినుండి అమ్మోనియా చేయుమార్గము చూపెను. 1913లో బాష్ కృషివలన జర్మనీలోని ఒప్పౌలో అది కర్మాగారమున కెక్కెను. నేటి యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజనియే. అంతటి బలముగలదానికి కొలత వలదా? మితిమీరినచో ఆకు నీరుపట్టి చీడలకు లోనగును, ఆకులో నైట్రేటులు పేరుకొనును, ఎరువుకు పెట్టిన సొమ్మును దండుగయగును.

1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు, పప్పుజాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులవలన గాలిలోని నత్రజని మొక్కకు చేరునని నిరూపించిరి. కావుననే వరాహమిహిరుని నువ్వులకు మాఱుగా జనుమును, జీలుగను దున్నుట మఱింత మేలు.

మరుసటి యేడు నేనును ఆ మడిలో ముందుగా జనుము చల్లి, పూతవేళ త్రవ్వి కలిపితిని. అది క్రుళ్లిన పిదప మాగిన పెంట వేసి తోటకూర విత్తితిని. కోతకోతకును తడినేలపై చిటికెడు చొప్పుననే సీమయెరువు వేసి నీరు పెట్టితిని. నాలుగు కోతలు వచ్చినవి. మొదటి కట్టను ఆ తోటమాలి యింటికే పంపితిని.

సెలవు.