వేటలో చేయి తిరగడం

వేటలో చేయి తిరగడం అంటే తుపాకీ పట్టు, గురి, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కు వంటి మూలపాఠాలు ఆలోచించే పని లేకుండా వాటంతటవే జరిగిపోయే స్థితి. రేంజిలో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ కాల్చినా చెల్లుతుంది. అడవిలో అంత వెసులుబాటు ఉండదు. జంతువు కనబడిన కొద్ది సెకన్లలోనే దూరం, గాలి వాటం, దాని వెనక ఏముంది, అసలది కాల్చదగ్గదేనా అన్నవన్నీ తేల్చుకోవాలి. చేతులు తమ పని తాము చూసుకుంటేనే బుద్ధికి ఆ తీరిక చిక్కుతుంది.

మూలపాఠాలు

రైఫిల్ వెనక భాగం ప్రతిసారీ భుజం గుంటలో ఒకే చోట ఆనాలి, చెంప ఒకే చోట తాకాలి. తుపాకీ బరువును కండరాల కంటే ఎముకలే ఎక్కువగా మోయాలి. అందుకే వేటగాళ్లు వీలైతే బోర్లా పడుకుంటారు, లేదంటే మోకాలి మీద కూర్చుంటారు, అదీ కుదరకపోతే చెట్టునో ఊతకర్రనో ఆసరా చేసుకుంటారు. ఊపిరి సగం వదిలి క్షణం ఆపి, వేలి కొసతో ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కి నొక్కుతారు. పేలిన తరువాత కూడా కన్ను గురి మీదే ఉండాలి.

వీటిలో అన్నిటికంటే మొండిది ట్రిగ్గర్. పేలుడు శబ్దానికీ, భుజానికి తగిలే దెబ్బకూ శరీరం ముందుగానే సిద్ధపడిపోతుంది. కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకు తోసుకొస్తుంది. ఈ ఉలికిపాటు కాల్చేవాడికి తెలియనే తెలియదు, ఎందుకంటే తుపాకీ అదురులో అది కలిసిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి శిక్షకులు అసలు తూటాల మధ్య డమ్మీలు కలిపి, కాల్చేవాడు చూడకుండా నింపి ఇస్తారు. డమ్మీ వంతు వచ్చినప్పుడు టక్కుమనే చప్పుడు తప్ప ఏమీ ఉండదు, గొట్టం మూతి మాత్రం చటుక్కున కిందికి వంగుతుంది. అది కళ్లారా చూసుకున్నాక ఇక వాదనకు తావుండదు.

అలవాటు పడే తీరు

మనస్తత్వవేత్తలు పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో శారీరక నైపుణ్యాల అభ్యాసాన్ని మూడు దశలుగా వివరించారు. మొదట ప్రతి కదలికనూ బుద్ధితో నడిపిస్తాం, తరువాత తప్పులు తగ్గుతూ కదలికలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, చివరికి శ్రద్ధ పెట్టనక్కరలేకుండానే పని జరిగిపోతుంది. తుపాకీ విషయంలో ఈ మూడో దశకు చేర్చే సాధనలో పెద్ద భాగం తూటా ఖర్చు లేనిదే. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గదిలో తూటా అన్నదే లేకుండా చేసి, రోజూ కాసేపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. విసుగు పుట్టించే పని, అయినా దీనికి అడ్డదారి లేదు. తుపాకీ మారితే మాత్రం అలవాటు కొంత చెదురుతుంది. ట్రిగ్గర్ బరువు, సేఫ్టీ ఉన్న చోటు కొత్తవై వేలు తడబడుతుంది. పాత వేటగాళ్లు ఏళ్ల తరబడి ఒకే తుపాకీని అంటిపెట్టుకుని ఉండడానికి ఇదొక కారణం. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో పులి కోసం తిరిగిన కథను 1954లో పుస్తకానికెక్కించిన కెన్నెత్ ఆండర్సన్ పేరు చెప్పగానే పాఠకులకు గుర్తొచ్చేది ఆయన .405 వించెస్టర్ రైఫిలే.

జంతువు ఎదురుపడగానే గుండె దడదడలాడి, చేతులు వణికి, నేర్చుకున్నదంతా ఎగిరిపోవడాన్ని అమెరికా వేటగాళ్లు ‘బక్ ఫీవర్’ అంటారు. ఒక్క తూటా కూడా పేల్చకుండా అన్నిటినీ రైఫిల్ లోంచి బయటికి లాగి పడేసి, తాను కాల్చానని ఒట్టేసి చెప్పినవాళ్ల కథలు అక్కడ కొల్లలు.

కొన్ని చోట్ల ఈ సాధన నియమంగానో సంప్రదాయంగానో స్థిరపడింది. నార్వేలో పెద్ద జంతువులను వేటాడేవారు ఏటా గురి పరీక్ష నెగ్గాలి. స్వీడన్‌లో పరుగెత్తే జంతువు బొమ్మపై సాధన చేసే సంప్రదాయం పాతది. ఇలాంటి గురి పోటీలు ఒలింపిక్స్‌లోకి కూడా ఎక్కాయి. సుమారు 100 మీటర్ల దూరంలో దుప్పి బొమ్మ అడ్డంగా పరుగెత్తేది. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ స్వాన్ ఈ పోటీల్లో 1908లో 60 ఏళ్ల వయసులో స్వర్ణం గెలిచి, 1920లో 72 ఏళ్ల వయసులో జట్టుతో రజతం అందుకున్నాడు.

చౌగఢ్ పులి: రెండు తూటాలు

చేయి తిరిగినతనానికీ, దాని హద్దుకూ నరభక్షక పులుల వేటగాడు జిమ్ కార్బెట్ (1875–1955) చేసిన ఒకే వేటలో ఉదాహరణలు దొరుకుతాయి. కుమావూఁ కొండల్లో చౌగఢ్ ఆడపులి 1926–1930 మధ్య 64 మందిని చంపినట్టు లెక్క. 1929లో కార్బెట్‌కు రెండు పులులు, ఆ తల్లీ దాని ఎదిగిన పిల్లా, ఒకే చోట కనిపించాయి. ఒకదాని రంగు వెలిసినట్టు ఉంటే వయసు వల్లేననుకుని, అదే తల్లి అని దాన్ని కాల్చాడు. గురి తప్పలేదు. చచ్చింది మాత్రం ఎదిగిన పిల్ల. ఆ పొరపాటు వల్ల తరువాతి ఏడాదిలో 15 మంది ప్రాణాలు పోయాయని ఆయనే రాసుకున్నాడు.

1930 ఏప్రిల్‌లో ఒక వాగు వెంట నడుస్తుండగా ఆయన ఎడమ చేతిలో నైట్‌జార్ పిట్ట గుడ్లు రెండు ఉన్నాయి, కుడి చేతిలో ఛాతీకి అడ్డంగా రైఫిల్. పెద్ద బండను దాటి కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తే, ఎనిమిది అడుగుల దూరంలో పులి ముఖం. రెండో చేయి కలపడానికి లేదు, భుజానికి ఆనించడానికి లేదు. ఒంటి చేత్తో, పులి చూపు తన మీదే ఉండగా, గొట్టాన్ని దాదాపు ముప్పాతిక చుట్టు మెల్లగా తిప్పుకొచ్చి ట్రిగ్గర్ నొక్కాడు. ఒక్క తూటాతో పులి పడిపోయింది. రెండు చేతులూ రైఫిల్ మీద ఉంటే గభాలున తిరిగేవాడినని, పులి మీదికి దూకేదని, గుడ్లు కూడా తనను కాపాడాయని ఆయన నమ్మకం.

పాఠ్యపుస్తకం చెప్పే భంగిమ ఇందులో ఏదీ లేదు. మిగిలినవి గొట్టం మూతి ఎటు చూస్తోందన్న ఎరుక, కుదుపు లేని వేలు, ఆ రెండే. వాటి కోసం ఆయన ఆ క్షణంలో వెతుక్కోనక్కర్లేకపోయింది. 1929లో పొరబడ్డది చేయి కాదు, కన్ను చెప్పినదానికి బుద్ధి చేసిన అర్థం. అందుకే కాల్చాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఎన్నటికీ అలవాటు కాకూడదని వేట శిక్షకులు పట్టుబడతారు. జంతువేదో రూఢి అయ్యేదాకా వేలు ట్రిగ్గర్ గార్డుకు బయటే ఉండాలి. ఆ నిర్ణయంలో అలవాటు కావలసింది వేలును అలా బయట ఉంచడం ఒక్కటే.

భారత్‌లో

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇప్పుడు మొదటి, రెండో షెడ్యూళ్లలోని జంతువుల వేటను నిషేధిస్తోంది. మనుషులకు ముప్పుగా మారిన జంతువును తప్పనిసరైతే చంపడానికి రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వకంగా, కారణాలు చూపి అనుమతి ఇవ్వాలి. పులి వంటి మొదటి షెడ్యూలు జంతువైతే ముందుగా దాన్ని పట్టుకోవడం గానీ, మత్తు ఇవ్వడం గానీ, వేరేచోటికి తరలించడం గానీ సాధ్యం కాదని ఆ అధికారి నిర్ధారించుకోవాలి.