ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు, తెలంగాణ మాట

కొత్త రచయితలకు చిత్రరచన నేర్పే శిబిరాల్లో ‘వివిధ సంస్కృతుల కథలు’ అన్న మాట ఇప్పుడు తరచు వినిపిస్తోంది. తెలుగులో ఆ పని 1979 నాటి ‘మాభూమి’ చిత్రంలోనే జరిగింది.

పేరునుబట్టి ఇది సుంకర, వాసిరెడ్డిల 1947 నాటి నాటకమేనని భ్రమపడేవారున్నారు. చిత్రానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. తెలుగు ఆయన భాష కాదు. నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు చిత్రానువాదంలోనూ పాలుపంచుకున్నారు. నవలలో ఉరికి సిద్ధమైన యువరైతు జైలుగదిలో గతాన్ని తలపోస్తాడు. చిత్రం ఆ చట్రాన్ని వదిలేసి, రామయ్య జీవితాన్ని బాల్యం నుంచి సాయుధ పోరాటం దాకా వరుసగా నడిపింది. ఇది సరైన నిర్ణయమే. ఒక్కడి జ్ఞాపకం ఊరి చరిత్రగా మారింది.

అంతకన్నా ముఖ్యం భాష. మన సినిమాల్లో తెలంగాణ మాట చాలావరకు నవ్వించడానికే పనికొచ్చేది. ఇక్కడ అది కథానాయకుడి మాట. ఆ పాత్రధారి సాయిచంద్, కోస్తా రచయిత త్రిపురనేని గోపీచంద్ కుమారుడు! యాదగిరి పాటను తెరమీద పాడినవాడు గద్దర్.

మా చింతలపూడి పొలిమేర దాటితే సత్తుపల్లి. 1948 దాకా అది నిజాం రాజ్యం. ఇంత దగ్గరి మాటకే తెరమీద గౌరవం దక్కడానికి అన్నేళ్లు పట్టింది. బుట్టాయగూడెం కోయల మీదా, కొల్లేటి వడ్డీల మీదా సినిమా కథ రాయబోయే ఇక్కడి యువకులు తమ నాయకుడి చేత ఏ మాట పలికిస్తారు? పుస్తకాల తెలుగేనా?